అన్వరీ గారి రెండో కెమెరా

ఉయ్యూరు పెళ్ళిలో అన్వరీ కెమెరా సరిగ్గా పెళ్ళికూతురు తలెత్తిన క్షణాన ఆగిపోయింది.

ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళ వైపు నూటయాభై మంది దాకా ఉన్నారు. పెద్దలు పరదా అవతల నిలబడి సమ్మతి అడగడం, అమ్మాయి మూడుసార్లు ఒప్పుకోవడం, తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం అన్నీ అయ్యాయి. అప్పటిదాకా గడ్డం గుండెకు ఆనించుకుని కూర్చున్న పిల్ల మెల్లగా తలెత్తి, తడికళ్ళతోనే నవ్వబోయింది. అన్వరీ బటన్ నొక్కింది. కెమెరా లోపల ఏదో సగం దాకా కదిలి ఇరుక్కున్న చప్పుడైంది. తెర నల్లబడింది. బ్యాటరీ తీసి పెట్టినా, లెన్సు విప్పి బిగించినా, లోలోపల దువా చదువుకున్నా అది మళ్ళీ కన్ను తెరవలేదు. మిగతా పెళ్ళంతా ఆమె ఫోనుతోనే లాక్కొచ్చింది. పెళ్ళికూతురి తల్లి మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. నాయనమ్మ మాత్రం భోజనాల దగ్గర, "ఫోనుతో అయితే మా పిల్లలే తీసేవాళ్ళు కదమ్మా" అంది.

అన్వరీ ఆ మాటను విజయవాడ దాకా మోసుకొచ్చింది. పంజా సెంటర్ దగ్గర ఇంటికి చేరి, బురఖా తీసి మేకుకు తగిలించి, భర్త నవాబ్ ఎదురుగా కూర్చుంది.

"ఇంకో కెమెరా కావాలండీ. కొత్తది అక్కర్లేదు. పాతదైనా ఫర్లేదు. నా లెన్సులు దానికి పట్టాలి, ఇది ఆగితే అది అందుకోవాలి, అంతే. మీ షాపున్న గవర్నర్‌పేటలోనేగా కెమెరాల షాపులూ, చూసిపెట్టండి."

అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఎవరిని అడిగిందో, అక్కడే పొరబడింది.

నవాబ్ గవర్నర్‌పేటలో వ్యవసాయపు మోటార్లు అమ్మే హోల్‌సేల్ షాపులో మేనేజరు. పాతికేళ్ళుగా అదే కుర్చీ. అవనిగడ్డ నుంచో కంకిపాడు నుంచో రైతు వచ్చి నిలబడితే, "ఎన్ని ఎకరాలండీ? కాలవ నీళ్ళా, బోరా?" అని రెండు ప్రశ్నలు వేసి, మూడో మాటకి మోటారు ఆటోలోకి ఎక్కించేస్తాడు. అతను చెప్పిన మోటారు సరిపోలేదని వెనక్కి వచ్చిన రైతు లేడు. అలాంటి మనిషి సొంత ఇంటికి వస్తువు కొనాలంటే మాత్రం మీనమేషాలు లెక్కపెడతాడు. వాళ్ళింట్లో మిక్సీ కాలిపోయాక కొత్తది రావడానికి ఒక వేసవి పట్టింది. ఆ వేసవంతా అన్వరీ పచ్చళ్ళు రోట్లో నూరింది.

చిత్రమేమిటంటే, ఇప్పుడు ఆగిపోయిన ఆ కెమెరాను అతను ఒక్క సాయంత్రంలో కొన్నాడు. నాలుగేళ్ళ కిందటి మాట. అప్పట్లో అన్వరీ ఎవరిదో కెమెరా అద్దెకు తెచ్చుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళేది. ఒకరోజు నవాబ్ షాపు కట్టేసి వస్తూ, ఎవరినీ అడక్కుండా, అమ్మేవాడు చెప్పిందల్లా నమ్మి, మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి కొని పెట్టెతో సహా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. దాంతోనే అన్వరీకి పేరొచ్చింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగ ఫొటోగ్రాఫర్లను రానివ్వని ఇళ్ళు విజయవాడ నుంచి బందరు దాకా చాలానే ఉన్నాయి. ఆ ఇళ్ళన్నిటికీ ఇప్పుడు అన్వరీయే. తీసిన ఫొటోలు తనే కూర్చుని దిద్దుకుంటుంది, ఆల్బమ్ తనే పేరుస్తుంది, పెళ్ళివారికి తప్ప ఇంకెవరికీ చూపించదు. ఆ 'ఎవరికీ'లో నవాబ్ కూడా ఉన్నాడు.

"వాళ్ళు నన్ను నమ్మి పరదా తీశారు. మిమ్మల్ని నమ్మి కాదుగా" అంటుంది.

నవాబ్ అందుకు ఎప్పుడూ కష్టపెట్టుకోలేదు. మా ఆవిడ అద్భుతంగా తీస్తుందని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు, ఒక్కటీ చూడకుండానే.

ఆగిన కెమెరాను బాగుచేయించారు. అది బుద్ధిగానే పనిచేస్తోంది. కానీ నిండు సభలో ఒకసారి చెయ్యి వదిలేసిన దాన్ని మళ్ళీ ఎలా నమ్మేది? బటన్ నొక్కే ముందు అన్వరీ వేలు ఇప్పుడు అర క్షణం ఆగుతోంది. పెళ్ళిళ్ళలో అర క్షణమంటే తక్కువేమీ కాదు.

మరునాడు మధ్యాహ్నం నవాబ్ కెమెరాల షాపులకు బయల్దేరాడు. మూడు షాపుల్లో ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. మొదటాయన, "పాత మిర్రర్‌లెస్ తీసుకోండి సార్, సెకండ్ బాడీకి దాన్ని మించింది లేదు" అన్నాడు. రెండో ఆయన, "పాతదా? ఫోకస్ నిదానం సార్, పెళ్ళికూతురు నవ్వడం మానేశాక అందుకుంటుంది" అన్నాడు. మూడో ఆయన పాతవి అమ్మడు కాబట్టి పాతవన్నీ దండగన్నాడు. నవాబ్ తిరిగొస్తూ రెండొందల పేజీల నోటుపుస్తకం కొన్నాడు. మొదటి పేజీ మీద 'రెండో బాడీ' అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

ఆ గీతల కింద అతని కొత్త జీవితం మొదలైంది. ఫొటోగ్రాఫర్లు కెమెరాను బాడీ అంటారనీ, లెన్సు వేరే లెక్కనీ తెలుసుకున్నాడు. కెమెరా పుట్టినప్పటి నుంచి ఎన్ని ఫొటోలు తీసిందో దాన్ని షట్టర్ కౌంట్ అంటారనీ, లారీకి తిరిగిన కిలోమీటర్లెంతో దీనికి అదంతనీ తెలుసుకున్నాడు. రెండు మెమొరీ కార్డులు పట్టేదైతే ఒకటి చెడినా పెళ్ళి మిగులుతుందనీ, మన సముద్రపు గాలికి లెన్సులోపల బూజు పడుతుందనీ తెలుసుకున్నాడు. షాపులో బేరం లేని వేళ యూట్యూబు పెట్టుకుని, మీసాలు లేని కుర్రాళ్ళు కెమెరాల గురించి ఇంగ్లీషులో పోట్లాడుకోవడం చెవులు రిక్కించి వినేవాడు.

జూన్‌లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒకటి దొరికింది. ఒకే కార్డు పడుతుందని వదిలేశాడు. జూలైలో రెండు కార్డులు పట్టేది దొరికింది. లక్షా పదివేల ఫొటోలు తీసిందట, అరిగిపోయి ఉంటుందని వదిలేశాడు. ఆగస్టులో దొరికింది కేవలం నాలుగు వేలే తీసింది. ఇంత తక్కువ వాడారంటే ఏదో లోపం ఉండే ఉంటుందని దాన్నీ వదిలేశాడు. సెప్టెంబరులో దొరికిన దానికి వంక పెట్టడానికి ఏమీ లేకపోయేసరికి అతనికి భయం వేసింది. దసరాకి కొత్త మోడల్ వస్తుందనీ, పాతవి చవకవుతాయనీ ఎవరో అన్నది గుర్తు తెచ్చుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏమైందండీ?" అని అన్వరీ అడిగేది.

"చూస్తున్నా."

"ఇంకా ఎన్నాళ్ళు చూస్తారు?"

"తొందరపడితే ఎట్లా? ఇదేమన్నా మోటారా?"

"మోటారైతే ఈపాటికి నాకు మూడొచ్చుండేవి" అనేది ఆమె, చపాతీ తిప్పుతూ.

ఈ మధ్యలోనే అతను 'డెల్టా క్లిక్స్' అనే వాట్సాప్ గ్రూపులో చేరాడు. కృష్ణా జిల్లా ఫొటోగ్రాఫర్లు రెండొందల మందికి పైగా ఉన్న గ్రూపది. మొదట తన సందేహం తనే పెట్టాడు. ఎవరూ పలకలేదు. నాలుగు రోజుల తర్వాత, పామర్రులో స్టూడియో నడిపే రామకోటేశ్వరరావు అనే ఆయన అచ్చం అలాంటి సందేహమే పెట్టాడు. నవాబ్ నోటుపుస్తకం తెరిచి, మోటారు కోసం వచ్చిన రైతుకి చెప్పినట్టు జవాబు రాశాడు: మీది స్టూడియో పని ఎక్కువ, పెళ్ళిళ్ళు తక్కువ, బెంజ్ సర్కిల్ దగ్గర ఒకటుంది, ఒకే కార్డు పట్టినా మీకు ఇబ్బంది లేదు, తీసేసుకోండి. రామకోటేశ్వరరావు మరునాడే వచ్చి తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండా, "నవాబ్ సార్ సలహాతో కొన్నాను, బంగారంలా ఉంది" అని గ్రూపులో దండం బొమ్మలు పెట్టాడు.

ఆనాటి నుంచి నవాబ్ 'సార్' అయ్యాడు. అరిగిపోయి ఉంటుందని తను వదిలేసిన జూలై కెమెరాను ఉయ్యూరు వాళ్ళెవరో అతని సలహా మీదే కొన్నారు. అనుమానించి వదిలేసిన ఆగస్టు కెమెరాను గుడివాడ ఫొటోగ్రాఫర్ లక్ష్మీకాంత్ అతని సలహా మీదే కొన్నాడు. అందరూ సుఖంగా ఉన్నారు. రోజుకి నాలుగైదు ఫోన్లు వచ్చేవి. "ఎన్ని పెళ్ళిళ్ళు తీస్తారండీ ఏడాదికి? లోపలా, బయటా?" అని రెండు ప్రశ్నలు వేసేవాడు, మూడో మాటకి కెమెరా పేరు చెప్పేవాడు. అతను ఏ స్టూడియో ఓనరో ఎవరూ అడగలేదు. ఇంత తెలిసినవాడు కనీసం ముప్పై ఏళ్ళుగా ఫొటోలు తీస్తూ ఉండాలని వాళ్ళకి వాళ్ళే అనుకున్నారు. నవాబ్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. నిజానికి అతను జన్మలో కెమెరాతో ఒక్క ఫొటో తీసి ఎరగడు.

అక్టోబరు మొదటి వారంలో అన్వరీ గట్టిగానే చెప్పింది. "నవంబరులో పామర్రు పెళ్ళి. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే రోజు, ఒకే హాలు. ఒక్క కెమెరాతో కుదరదు. నసీమాకి ఒకటివ్వాలి."

నసీమా వాళ్ళ వీధిలోనే ఉంటుంది. బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పని, పెళ్ళిళ్ళప్పుడు సెలవు పెట్టి అన్వరీకి లైటు పట్టుకుంటుంది. ఏడాదిగా ఫొటోలు తీయడం కూడా నేర్చుకుంటోంది.

"ఈ నెలలో తేల్చేస్తా" అన్నాడు నవాబ్.

తేల్చేవాడే. రామకోటేశ్వరరావు ఫోను చేసి, పామర్రులో కనకలక్ష్మి గారని ఒకావిడ వంటల ఛానల్ పెట్టి మానేసిందనీ, ఆవిడ దగ్గర పాత మిర్రర్‌లెస్ ఒకటి శుభ్రంగా ఉందనీ చెప్పాడు. అన్వరీ కెమెరా కంపెనీదే, దానికంటే ఒక తరం ముందుది. అవే లెన్సులు, అదే బ్యాటరీ, రెండు కార్డులు. షట్టర్ కౌంట్ యాభై ఎనిమిది వేలు, అంటే మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. నవాబ్ నోటుపుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకుని, కింద మూడు అనుమానాలు రాశాడు. ఒకటి, వంటల దగ్గర వాడారు కనుక లోపలికి నూనె ఆవిరి వెళ్ళి ఉండొచ్చు. రెండు, ఛానల్ ఎందుకు మానేశారో తెలియదు. మూడో అనుమానం ఇంకా తట్టలేదు కానీ, అంకె వేసి జాగా వదిలాడు. అలా మూడు వారాలు గడిచాయి.

ఒక బుధవారం మధ్యాహ్నం గ్రూపులో కొత్త నంబరు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పేరు 'ఎన్.ఎస్. బ్రైడల్' అని ఉంది. "నవాబ్ సార్‌కి నమస్తే. పెళ్ళిళ్ళలో లేడీస్ వైపు తీస్తాం. మెయిన్ బాడీ ఒకటే ఉంది, మధ్యలో ఒకసారి మొరాయించింది. సెకండ్ బాడీకి దాని ముందు తరం మోడల్ దొరుకుతోంది. యాభై వేలు దాటింది కౌంట్. తీసుకోవచ్చా సార్? వచ్చే నెల పెద్ద పెళ్ళి ఉంది."

నవాబ్ అప్పుడే టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. నోటుపుస్తకం కూడా తెరవలేదు. సూటిగా టైపు చేశాడు:

"అమ్మా, మీ మెయిన్ బాడీకి అది సరిగ్గా జోడీ. అవే లెన్సులు, అదే బ్యాటరీ. మధ్యలో చేతులు తడుముకోనక్కర్లేదు. యాభై, అరవై వేల కౌంట్ అంటే ఏమీ కాదు, ఇంకా అంత ఆయుష్షుంది. పాత మోడలే కానీ ముఖాన్ని బాగా పట్టుకుంటుంది. చేతిలోకి తీసుకుని ఒకటి రెండు తీసి చూడండి. కుదిరితే రేపే వెళ్ళి తెచ్చుకోండి. మంచి వస్తువు మన కోసం ఆగదు."

ప్రశ్న వచ్చి ఆరు నిమిషాలు కూడా కాలేదు. ముప్పై మంది బొటనవేలు ఎత్తారు. 'ఎన్.ఎస్. బ్రైడల్' నుంచి "మీ మేలు మర్చిపోలేం సార్" అని వచ్చింది.

తన జవాబు తనే రెండుసార్లు చదువుకున్నాడు నవాబ్. మూడోసారి చదువుతుంటే ఎక్కడో గుచ్చుకుంది. ఇదే కదా నా కేసు కూడా? ఇదే మోడలు, ఇంచుమించు అదే లెక్క. ముక్కూమొహం తెలియని మనిషిని రేపే కొనమన్నవాడు, ఇంట్లో మనిషిని మూడు వారాలుగా ఎందుకు కూర్చోబెట్టాడు? నవాబ్‌కి తన సలహా ఎంత నచ్చిందంటే, తను కూడా దాన్ని పాటించాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. గురువారం షాపుకి సెలవు చెప్పి, అన్వరీకి చెప్పకుండా, పదింటికి బందరు బస్సెక్కాడు. నాలుగేళ్ళ కిందటి లాగే పెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టాలని.

పామర్రులో కనకలక్ష్మి గారి ఇల్లు తేలిగ్గానే దొరికింది. మెయిన్ రోడ్డు మీద ఎరువుల షాపు పైన వాటా. నలభై ఏళ్ళావిడ, చేతికి శనగపిండితోనే తలుపు తీసింది.

"కెమెరా కోసమా అండీ? అయ్యో, పొద్దున్నే ఇచ్చేశానండీ. ఎనిమిదింటికే వచ్చి తీసుకెళ్ళారు."

నవాబ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎవరండీ?"

"విజయవాడ వాళ్ళేనండీ. ఇద్దరాడవాళ్ళు, స్కూటీ మీద వచ్చారు. లోపలికి రండి, మంచినీళ్ళు తాగుదురుగాని. మీరూ అంత దూరం నుంచే వచ్చినట్టున్నారు." ఆవిడ నీళ్ళు తెచ్చి ఇస్తూ చెప్పుకుపోయింది. "నేను కూడా అడిగానండీ, పాతది కదా, బాగా ఆలోచించుకున్నారా అని. ఎవరో పెద్ద సార్ ఉన్నాడంట. కెమెరాల్లో ఆయన్ని మించినవాడు జిల్లాలోనే లేడంట. ఆయన రేపే కొనమన్నాడని ఫోన్లో మెసేజీ కూడా చూపించారు. ఏదో పేరండీ... ఆఁ, నవాబ్ సార్."

"నేనేనండీ ఆ నవాబుని" అన్నాడు అతను, నీళ్ళ గ్లాసు పట్టుకుని.

కనకలక్ష్మి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "మీరేనా! మరి వాళ్ళని కొనమని, మళ్ళీ మీరే వచ్చారేంటండీ?"

నవాబ్ నీళ్ళు తాగాడు.

"పెద్దావిడ భలే మనిషండీ" అంది కనకలక్ష్మి మళ్ళీ. "కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేసుకుంది. ఎక్కువేమీ అడగలా. చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర నిలబడమ్మా అంది నన్ను. రెండంటే రెండు తీసింది. 'చాలు' అంది. పది నిమిషాలు పట్టలేదు. వెళ్ళేముందు నా ఫొటో నా ఫోనుకే పంపించింది, చూడండి."

కళ్ళజోడు తాడు దగ్గరే నవాబ్‌కి అర్థమైపోయింది. ఆ తాడు అతను కొన్నదే, చీరాల వెళ్ళినప్పుడు. అయినా ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు.

శనగపిండి చేతుల ఈ మనిషే కిటికీ పక్కన నిలబడి ఉంది. వెలుగు ఒక చెంప మీదే పడింది. మెడ దగ్గర చెమట, చెదిరిన జుట్టు, ఏదో అడగబోయి ఆగిన పెదవులు. అందంగా కనపడాలని ఆమె ఏమీ చేయలేదు, ఆ ఏమీ చేయకపోవడమే ఫొటో అంతా నిండి ఉంది.

"నేనింత బావుంటానని నాకే తెలీదండీ. ముప్పై ఎనిమిది వీడియోలు చేశాను, ఒక్కదాంట్లో ఇట్లా లేను" అంది కనకలక్ష్మి.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నవాబ్ తన భార్య తీసిన ఫొటో చూడడం అదే మొదటిసారి. ఫోను తిరిగి ఇచ్చేస్తుంటే ఇవ్వబుద్ధి కాలేదు. దీన్ని గురించా తను అయిదు నెలలు నూనె ఆవిరనీ, కార్డులనీ పేజీలు నింపాడు? తిరుగు బస్సులో ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు అరగంట నత్తనడక నడిచింది. అందరూ విసుక్కుంటున్నా అతను మాత్రం ఆలస్యమైతేనే బాగుండుననుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి కెమెరా టీపాయ్ మీద దాపరికం లేకుండా ఉంది. పక్కన అన్వరీ దాని పట్టీ మారుస్తోంది.

"ఎన్.ఎస్. బ్రైడల్ అంటే నసీమానా?" అన్నాడు నవాబ్ చెప్పులు విప్పుతూ.

"అవును. దాని కొత్త నంబరు. ఎక్కడికెళ్ళారు, షాపులో లేరంటున్నారు?"

"పామర్రు."

అన్వరీ చేతిలో పట్టీ ఆగింది. ఒక్క క్షణం అతని ముఖం చూసి, ఆపుకోలేక నవ్వేసింది. "కొనడానికే!"

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది" అని తనే అనేశాడు, ఆమె అనకముందే. తర్వాత మెల్లగా, "నన్నే అడగొచ్చుగా" అన్నాడు.

"అయిదు నెలలు అడిగానండీ. నేనడిగితే అయిదు నెలలు, నసీమా అడిగితే ఆరు నిమిషాలు. నేనే వేరే మనిషినై అడగాల్సొచ్చింది. కనకలక్ష్మి గారి సంగతి కూడా మీ పుస్తకంలో చూసిందే."

నవాబ్ కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు కెమెరాను ముట్టుకోలేదు. "వాళ్ళ కెమెరా ఆగిపోతే నాకేం? నన్ను ఎవరూ ఏమీ అనరు. నీది... ఉయ్యూరులో ఆగిపోయింది నేను కొన్నదే కదా. ఎవరినీ అడక్కుండా, ఒక్క సాయంత్రంలో కొనేశాను. ఆ నాయనమ్మ నిన్నన్న మాట నన్ను అన్నట్టే ఉంది."

"నాలుగేళ్ళు నడిచింది కూడా మీరు కొన్నదేగా. దాని సంగతి మీ పుస్తకంలో ఎక్కడైనా రాశారా?"

రాయలేదు. నవాబ్ రెండో కెమెరాను అప్పుడు చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ తిప్పి తిప్పి చూశాడు. "ఇక్కడ గీత పడింది" అన్నాడు, కాస్త ప్రాణం లేచొచ్చినట్టు.

"చూశాను. గీతతో ఫొటోలు తియ్యను" అంది అన్వరీ.

పామర్రు పెళ్ళికి నవాబ్ కూడా వెళ్ళాడు, సంచులు మొయ్యడానికి. ఆడవాళ్ళ వైపు తలుపు దగ్గర సంచులు అందించి, నసీమాకి జాగ్రత్తలు చెప్పి వెనుదిరిగేసరికి ఒకాయన పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. మగవాళ్ళ వైపు ఫొటోలు తీస్తున్న రామకోటేశ్వరరావు.

"నవాబ్ సార్! మీ గొంతు గుర్తుపట్టాను సార్. ఎంత అదృష్టం! ఇద్దరు పెళ్ళికొడుకులు సార్, రెండు స్టేజీలు, నేనొక్కణ్ణే. మీరు కొనిపించిన కెమెరా ఇదుగో. ఈ స్టేజీ మీది నిఖా మీరు నాలుగు ఫొటోలు కొట్టండి సార్. మీ చెయ్యి పడితే మా స్టూడియోకే పేరు."

"లేదండీ, నేను ఊరికే..." అంటూనే ఉన్నాడు నవాబ్. కెమెరా పట్టీ అప్పటికే మెడలో పడింది.

అతనికి ఆ కెమెరా గురించి తెలియనిది లేదు. ఏ బటన్ ఏం చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఏ బటన్ ఎక్కడుందో మాత్రం వేళ్ళకి తెలియదు. ఖాజీ గారు చదువుతున్నారు. పెళ్ళికొడుకు ముఖం మీద వేలాడే మల్లెల సెహరా తప్పించి సంతకం పెట్టబోతున్నాడు. నవాబ్ కంటికి ఆనించి నొక్కాడు. నొక్కుతూనే పోయాడు. చెమట కళ్ళల్లోకి దిగింది. ఖర్జూరాలు పంచేసరికి అరవై నొక్కినట్టు లెక్క తేలింది.

రామకోటేశ్వరరావు వచ్చి తెరమీద ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అరవయ్యింట్లోనూ ఖాజీ గారి ముందున్న మైకు గొట్టం, దాని జాలీతో సహా, అద్దంలా స్పష్టంగా ఉంది. పెళ్ళికొడుకూ, సాక్షులూ, రిజిస్టరూ వెనకాల మంచులో ఉన్నట్టున్నారు.

"వెరైటీగా ఉన్నాయి సార్" అన్నాడు. అదృష్టవశాత్తూ అవతలి స్టేజీ మీద తన పని ముగించుకుని, ఆయన సంతకాల వేళకి ఇటు కూడా వచ్చి నాలుగు తీసుకున్నాడు. పెళ్ళివారికి ఏ లోటూ రాలేదు.

మరునాడు గ్రూపులో ఒక ఫొటో పడింది. కింద రామకోటేశ్వరరావు మాట: "నవాబ్ సార్ స్వయంగా తీసినది." అన్వరీ అతని ఫోను లాక్కుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"'ఇన్నాళ్ళకి సార్ పని చూశాం.' 'మైకు మీద ఫోకస్ పెట్టడంలో పెద్ద అర్థం ఉంది. నిఖా అంటే మాట ఇవ్వడం. మాట ముఖ్యం, మనుషులు తర్వాత.' 'పాత బాడీలో ఇలాంటి బ్లర్ వస్తుందా సార్? సెట్టింగ్ చెప్పగలరు.'" అక్కడికి వచ్చేసరికి ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వు ఆగక గోడకు ఆనుకుంది.

నవాబ్ ఫోను తీసుకుని, తల వంచుకుని, నిజాయితీగా రాశాడు: "అది పొరపాటున అలా వచ్చింది. నాకు ఫొటోలు తియ్యడం రాదు. నేను మోటార్ల షాపులో మేనేజర్ని."

నిమిషంలో పదకొండు దండాలు వచ్చాయి. "ఎంత ఎదిగినా ఒదిగి ఉండడం సార్ దగ్గర నేర్చుకోవాలి" అని ఉయ్యూరు నుంచి ఎవరో రాశారు.

"ఇంక వాళ్ళని బాగుచెయ్యడం నా వల్ల కాదు" అన్నాడు నవాబ్. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "ఆ ఫోకస్ ఎక్కడ పెడతారు అసలు?" అన్నాడు.

ఆదివారం పొద్దున డాబా మీద బట్టలారేశాక అన్వరీ రెండో కెమెరా అతని చేతికిచ్చి, తీగ మీది క్లిప్పుల్లో మూడోదాన్ని తియ్యమంది. మొదట నాలుగోది వచ్చింది. తర్వాత ఎదురింటి నీళ్ళ ట్యాంకు వచ్చింది. పదోసారికి మూడో క్లిప్పు, దాని తుప్పు స్ప్రింగుతో సహా, కళ్ళముందు నిలబడింది. నవాబ్ దాన్ని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసుకుంటూ ఉండగా ఫోను మోగింది. గుడివాడ లక్ష్మీకాంత్.

"సార్, మా తమ్ముడికి కూడా ఒక సెకండ్ బాడీ కావాలి. రెండు చూశాం. ఏది తీసుకోమంటారు?"

"మా ఆవిణ్ణి అడగండి. పెళ్ళిళ్ళు తీసేది ఆవిడే" అని నవాబ్ ఫోను అన్వరీకి ఇచ్చాడు.

అన్వరీ ఆ రెండింటి పేర్లూ విని, "మొదటిదండీ. చేతిలో పట్టుకుంటే మీకే తెలుస్తుంది" అని చెప్పి ఇచ్చేసింది. అర నిమిషం పట్టింది.

రెండు నిమిషాలకి ఫోను మళ్ళీ మోగింది. లక్ష్మీకాంతే. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"సార్, ఏమీ అనుకోకండి. మేడమ్ గారు మొదటిది తీసుకోమన్నారు. కరెక్టేనంటారా?"

నవాబ్ అన్వరీ వైపు చూశాడు. ఆమె తడిసిన తువ్వాలు దులుపుతోంది, నీటి తుంపర ఎండలో మెరుస్తోంది.

"కరెక్టేనండీ" అన్నాడు.

"హమ్మయ్య. మీరన్నారు కాబట్టి ధైర్యంగా కొంటాం సార్" అన్నాడు లక్ష్మీకాంత్.